ఫ్లడ్‌వాచ్ ఇండియా యాప్: మట్టం అది చెబుతుంది, వేగం మనమే లెక్కేసుకోవాలి

గోదావరికి నీళ్లొచ్చాయంటే దుమ్ముగూడెం నుంచి కోనసీమ లంకల దాకా అందరి నోటా ఒకటే ప్రశ్న: "ఎంతుంది?" దాని వెంటే ఇంకో ప్రశ్న రావాలి, "గంటకి ఎంత ఎక్కుతోంది?" అని. 43 అడుగుల దగ్గర గంటకి రెండంగుళాలు ఎక్కే నదికీ, అదే 43 దగ్గర గంటకి అడుగు ఎక్కే నదికీ పోలికే లేదు. మొదటిదైతే బియ్యం బస్తాలు అటకెక్కించి, అన్నం తిని బయల్దేరొచ్చు. రెండోదైతే పశువుల తలుగులు విప్పి నడవడమే.

కేంద్ర జల సంఘం 2023 ఆగస్టులో తెచ్చిన ఫ్లడ్‌వాచ్ ఇండియా యాప్‌ని ఈ రెండో ప్రశ్నతో పరీక్షిస్తే ఏం తేలుతుందన్నదే ఈ సమీక్ష. కొలబద్దగా భద్రాచలం గేజీని, అంటే అక్కడ నది మట్టాన్ని కొలిచే స్కేలుని, తీసుకున్నాం. తీర్పు ముందే చెప్పేస్తాం. గేజీల సమాచారానికి మంచి మార్కులు. 24 గంటల సూచన నమ్మదగ్గది. 7 రోజుల సూచన సగం నమ్మకంతో చూడాల్సింది. రంగుల గుర్తులు మాత్రం భద్రాచలం వాళ్లని తప్పుదారి పట్టిస్తాయి. ఎక్కే వేగాన్ని అంకెగా చూపించి ఉంటే ఈ సమీక్ష సగానికి తగ్గేది.

యాప్ ఉచితం. తెరవగానే దేశ పటం, దాని మీద రంగు చుక్కలు. చుక్క మీద నొక్కినా, పేరుతో వెతికినా, జాబితాలోంచి ఎంచుకున్నా గేజీ కేంద్రం వివరాలు వస్తాయి. మొదట 200 కేంద్రాలతో మొదలై, 2024 ఆగస్టులో వచ్చిన రెండో రూపంలో 592కి పెరిగాయి. దాంతోపాటు 150 జలాశయాల సమాచారమూ చేరింది. రాష్ట్రాల వారీగానే కాకుండా నదీ పరీవాహకం వారీగా కూడా చూసే వీలుంది. గోదావరికి అదే సరైన దారి. తెలంగాణ అని ఎంచుకుంటే ఛత్తీస్‌గఢ్‌లో ఇంద్రావతి, మహారాష్ట్రలో ప్రాణహిత కనిపించవు. భద్రాచలాన్ని ముంచేవి ఆ రెండే. యాప్ వచ్చింది ఇంగ్లిష్, హిందీ భాషల్లో. చదివి వినిపించే సదుపాయం కూడా ఆ రెంటిలోనే పెట్టారు. వరదొస్తే ముందు మునిగే లంక గ్రామాల్లో ఆ రెండూ చదివేవాళ్లు ఎంతమందో జల సంఘమే ఆలోచించుకోవాలి.

మొదటి చిక్కు: మీటర్లు, అడుగులు

యాప్‌లో భద్రాచలం తెరవగానే 45 పాయింట్ చిల్లర, 47 పాయింట్ చిల్లర లాంటి అంకెలు కనిపిస్తాయి. కొత్తవాళ్లు అవి అడుగులనుకుని "అబ్బో, రెండో హెచ్చరికకి దగ్గరపడింది" అని కంగారు పడతారు. అవి మీటర్లు, అదీ సముద్ర మట్టం నుంచి. ఊళ్లో మైకులో చెప్పే 43, 48, 53, అంటే మొదటి, రెండో, మూడో ప్రమాద హెచ్చరికలు, మాత్రం స్నానఘట్టాల దగ్గరి గేజీ మీది అడుగులు. ఒకే నీటికి రెండు భాషలన్నమాట.

మార్చుకోవడం కష్టమేం కాదు. మీటర్ల అంకెని 3.281తో గుణించి 107 తీసేయండి, స్థానిక గేజీ అడుగులు వచ్చేస్తాయి. జల సంఘం చెప్పే హెచ్చరిక మట్టం 45.72 మీటర్లంటే 150 అడుగులు, 107 తీసేస్తే 43. ప్రమాద మట్టం 48.77 మీటర్లంటే 160 అడుగులు, అందులోంచి తీసేస్తే 53. రెండో ప్రమాద హెచ్చరిక 48 అడుగులకి యాప్‌లో ప్రత్యేకమైన గీత లేదు. అది 47.24 మీటర్లని గుర్తుపెట్టుకోవాలి. ఈ మూడంకెలు, 45.72, 47.24, 48.77, ఫోన్ వెనక కాగితం ముక్క మీద రాసి అంటించుకుంటే అర్ధరాత్రి లెక్కలు తప్పవు.

వేగానికి ఇంకో చిన్న లెక్క. గంటకి 10 సెంటీమీటర్లంటే సుమారు నాలుగంగుళాలు. 15 సెంటీమీటర్లంటే అరడుగు. 30 సెంటీమీటర్లంటే దాదాపు అడుగు. పేపర్లో, టీవీలో వచ్చే "43.5 అడుగులు" అంటే 43 అడుగుల 6 అంగుళాలు, 5 అంగుళాలు కాదు. ఈ పొరపాటు చదువుకున్నవాళ్లూ చేస్తుంటారు.

ప్రవాహాన్ని యాప్ క్యూమెక్కుల్లో (సెకనుకి ఘనపు మీటర్లు) చూపిస్తే 35.3తో గుణించి క్యూసెక్కులు (సెకనుకి ఘనపు అడుగులు) చేసుకోండి. ధవళేశ్వరం దగ్గర హెచ్చరికలు క్యూసెక్కుల లెక్కనే ఉంటాయి: 10 లక్షలకి మొదటిది, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. బ్యారేజీ గేజీ మీద అవి వరసగా 11.75, 13.75, 17.75 అడుగులు.

రంగులు నమ్మొద్దు

యాప్‌కి సగం మార్కులు పోయేది ఇక్కడే. చుక్కలకి నాలుగు రంగులు. హెచ్చరిక మట్టం లోపల ఆకుపచ్చ. అది దాటి ప్రమాద మట్టం లోపల పసుపు. ప్రమాద మట్టం దాటితే నారింజ. ఆ కేంద్రంలో ఇంతవరకూ నమోదైన అత్యధిక వరద మట్టాన్ని అందుకుంటేనే ఎరుపు.

దీన్ని భద్రాచలానికి వర్తింపజేయండి. 43 నుంచి 53 అడుగుల దాకా, అంటే మొదటి హెచ్చరిక, రెండో హెచ్చరిక రెండూ దాటేదాకా, చుక్క పసుపుగానే ఉంటుంది. ఈ పది అడుగుల్లోనే పల్లపు రోడ్లు తెగిపోతాయి, వాగుల్లోకి నీరు ఎగదన్నుతుంది, ఒడ్డు పొలాలు పోతాయి. 53 దాటాక నారింజ. ఎరుపు రావాలంటే 1986 ఆగస్టు 16న వచ్చిన 75.6 అడుగులని, అంటే 55.66 మీటర్లని, అందుకోవాలి. 2022 జులై 16న గోదావరి 71.3 అడుగులకి చేరింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు, ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేయించారు. ఈ కొలమానం ప్రకారం అది నారింజే! ఎరుపుకి ఇంకా నాలుగడుగుల పైచిలుకు దూరం. 1990లో వచ్చిన 70.8, 2006లో వచ్చిన 66.9 కూడా అంతే. చరిత్రలో మొదటి వరసలో నిలిచే వరదలకి కూడా దొరకని ఎరుపుని ఎవరైనా ఎదురుచూస్తూ కూర్చుంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

జల సంఘం దృష్టిలో దీనికి కారణం ఉంది. దేశంలోని కేంద్రాలన్నిటినీ ఒకే పద్ధతిలో చూపించాలి, "ఇంతకు ముందెప్పుడూ చూడనిది వస్తోంది" అని వేరుగా చెప్పాలి. అధికారులకి అది పనికొస్తుంది. ఇల్లు సర్దుకునేవాడికి కాదు. పైగా వాతావరణ శాఖ వాన హెచ్చరికలకీ ఇవే రంగులు: అక్కడ నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే కదలమని. అదే అలవాటుతో ఈ యాప్ చూస్తే నారింజ దగ్గర "ఇంకా టైముంది" అనుకుంటారు. భద్రాచలంలో నారింజ అంటే మూడో ప్రమాద హెచ్చరిక. అప్పటికి కదలడం అయిపోయి ఉండాలి.

వేగం కట్టడం ఎలా

యాప్‌లో మట్టం పక్కన ధోరణి ఉంటుంది: పెరుగుతోంది, నిలకడగా ఉంది, తగ్గుతోంది. గంటకి ఎంత అన్నది లేదు. గంట గంటకీ వచ్చిన మట్టాలు రాసుకుని తీసివేతలు చేసుకోవాలి. ఒక ఉదాహరణ చూడండి. ఇవి లెక్క అర్థం కావడానికి కల్పించిన అంకెలు, ఏ వరదవీ కావు.

ఉదయం 6కి 44.90 మీటర్లు. 7కి 45.04. 8కి 45.17. 9కి 45.29. 10కి 45.40. 11కి 45.50. మధ్యాహ్నం 12కి 45.59.

గంటకి ఎక్కింది వరసగా 14, 13, 12, 11, 10, 9 సెంటీమీటర్లు. నది ఎక్కుతూనే ఉంది, కానీ ఎక్కే వేగం గంటగంటకీ ఒక సెంటీమీటరు తగ్గుతోంది. మొదటి హెచ్చరికకి ఇంకా 13 సెంటీమీటర్లు ఉంది. ప్రస్తుతం గంటకి 9 చొప్పున ఎక్కుతోంది కాబట్టి గంటన్నరలోపే వచ్చేస్తుందని చాలామంది కడతారు. తగ్గుదలని కూడా కలిపితే తర్వాతి గంటలో 8, ఆ పై గంటలో 7, అంటే ఒకటీ ముప్పావు ప్రాంతంలో దాటుతుంది. ఇక్కడ తేడా పావుగంటే, పట్టించుకోనక్కర్లేదు. గరిష్ఠం దగ్గరికొచ్చేసరికి మాత్రం తేడా పెద్దదవుతుంది. వేగం ఇలాగే తగ్గుతూ పోతే మిగిలింది 8, 7, 6, 5, 4, 3, 2, 1, మొత్తం 36 సెంటీమీటర్లు. రాత్రి 8కి 45.95 మీటర్ల దగ్గర, అంటే 43.75 అడుగుల దగ్గర నిలబడుతుంది. గంటకి 9 చొప్పునే గుడ్డిగా కట్టినవాడికి అదే 8 గంటలకి దాదాపు 44.9 అడుగులు వస్తుంది. అడుగుకి పైగా తేడా.

ఇక్కడే ఓ జాగ్రత్త. గేజీ స్కేలు మీద చదివే మనిషి అలల మధ్య ఒక సెంటీమీటరు అటూ ఇటూ చదవడం మామూలే. ఒక్కో రీడింగులో ఒక సెంటీమీటరు తప్పుంటే రెండు రీడింగుల తేడాలో రెండు సెంటీమీటర్ల దాకా తప్పు రావచ్చు. ఆ తేడాల తేడాలో నాలుగు దాకా. మనం వెతుకుతున్న తగ్గుదలేమో గంటకి ఒక్క సెంటీమీటరు! అసలు సంగతి రొదలో కలిసిపోతుంది. అందుకే గంట తేడాలు చూసి "వేగం తగ్గింది, పెరిగింది" అని ప్రకటించొద్దు. మూడేసి గంటల తేడా తీసుకోండి. పై అంకెల్లోనే 6 నుంచి 9కి 39 సెంటీమీటర్లు, 9 నుంచి 12కి 30. మూడు గంటలకి తొమ్మిది తగ్గింది. తర్వాత 21, ఆపైన 12, ఆపైన 3, మొత్తం అదే 36. ఫలితం మారలేదు, తప్పుకి అవకాశం మాత్రం బాగా తగ్గింది.

దూరం నుంచి తనంతట తానే సమాచారం పంపే సెన్సార్లలో తప్పులు ఇంకో రకంగా ఉంటాయి. ఉన్నట్టుండి ఒక గంటలో రెండు మీటర్లు ఎగిరి, మరుసటి గంట మళ్లీ యథాస్థానానికి వస్తుంది. గోదావరి అంత వెడల్పు నది భద్రాచలం దగ్గర అలా దూకదు. ఎగువన దుమ్ముగూడెం, దిగువన కూనవరం చూడండి. అవి కదలకుండా మధ్యలో ఇదొక్కటే దూకితే అది యంత్రం గోల. ఒకే అంకె నాలుగైదు గంటలు సెంటీమీటరు కూడా మారకుండా ఉంటే అది నిలకడ కాకపోవచ్చు, సమాచారం ఆగిపోయి ఉండొచ్చు. అంకె పక్కన చివరగా నమోదైన సమయం చూడకుండా ఏ మట్టాన్నీ వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు.

వేగం తగ్గిందంటే వరద తగ్గుతున్నట్టేనా?

కాకపోవచ్చు, లెక్కలో పండిపోయినవాళ్లు కూడా ఇక్కడే బోల్తా పడతారు. భద్రాచలం దగ్గర 43 అడుగులకి దాదాపు 9.3 లక్షల క్యూసెక్కులు, 48కి దాదాపు 11.4 లక్షలు, 53కి దాదాపు 14.3 లక్షలు పోతాయి. కింది ఐదడుగులకి 2.1 లక్షలు, అంటే అడుగుకి 42 వేలు. పై ఐదడుగులకి 2.9 లక్షలు, అంటే అడుగుకి 58 వేలు. పైకెళ్లేకొద్దీ నది వెడల్పవుతుంది, ఒక్కో అడుగు నిండటానికి ఎక్కువ నీరు పడుతుంది. ఎగువ నుంచి వరద గంటకి 20 వేల క్యూసెక్కుల చొప్పున ఏకరీతిగా పెరుగుతోందనుకోండి. 48 లోపల అడుగు ఎక్కడానికి రెండు గంటల పైన పడితే, 48 దాటాక దాదాపు మూడు గంటలు పడుతుంది. గేజీ దగ్గర నిలబడ్డవాడికి "నెమ్మదించింది" అనిపిస్తుంది. వచ్చే నీరు మాత్రం అదే ఊపులో ఉంది.

రెండో కారణం దిగువన ఉంది. కూనవరం దగ్గర శబరి కలుస్తుంది. శబరి కూడా పోటు మీదుంటే గోదావరి నీటికి ముందుకి పోయే వాలు తగ్గుతుంది, వెనక్కి ఎగదన్నుతుంది. అప్పుడు అదే ప్రవాహానికి భద్రాచలంలో ఎక్కువ మట్టం కనిపిస్తుంది, దిగడం కూడా ఆలస్యమవుతుంది. మట్టం చూసి ప్రవాహం కట్టే ఏ పట్టికైనా అప్పుడు తప్పుతుంది. అందుకే యాప్‌లో కూనవరం కేంద్రాన్నీ, ఛత్తీస్‌గఢ్‌లో శబరి మీది కుంట (కొంటా) కేంద్రాన్నీ కూడా తెరిచి చూడాలి.

మూడోది, ఎక్కే 53 అడుగులూ దిగే 53 అడుగులూ ఒకటి కావు. ఎక్కేటప్పుడు నీటి ఉపరితలం ముందుకి ఎక్కువ వాలి ఉంటుంది, అదే మట్టానికి ఎక్కువ నీరు పోతుంది. దిగేటప్పుడు తక్కువ. ధవళేశ్వరం దగ్గర ఎంత రావచ్చో భద్రాచలం మట్టాన్ని బట్టి అంచనా వేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఎగువన ఏ గేజీలు చూడాలి

యాప్ నిజంగా విలువైన పని చేసేది ఇక్కడ. ఇదివరకు ఈ అంకెలన్నీ కంట్రోల్ రూముల్లో ఉండేవి, ఇప్పుడు జేబులో ఉన్నాయి. టీవీల్లో శ్రీరాంసాగర్ గేట్లు ఎత్తిన దృశ్యం పడగానే భద్రాచలంలో గుండెలు గుభేలుమంటాయి గానీ, అసలు లెక్క అది కాదు. గోదావరి పరీవాహకం 3.12 లక్షల చదరపు కిలోమీటర్లైతే అందులో మూడో వంతుకి పైగా ఒక్క ప్రాణహితదే. ప్రాణహిత మీద గానీ, ఛత్తీస్‌గఢ్‌లో ఇంద్రావతి మీద గానీ వరదని పట్టి నిలబెట్టే పెద్ద జలాశయం లేదు. పడిన వాన పడినట్టే దిగుతుంది.

చూడాల్సిన వరస ఇది: ప్రాణహిత మీద టేక్రా, అది గోదావరిలో కలిసాక కాళేశ్వరం, ఇంద్రావతి మీద పాతగూడెం, ఇంద్రావతి కూడా కలిసాక పేరూరు, తర్వాత ఏటూరునాగారం, దుమ్ముగూడెం, భద్రాచలం. వీటిలో ఒక్కదాన్నే ఎంచుకోమంటే పేరూరు. పెద్ద ఉపనదులు రెండూ అక్కడికే చేరిపోయి ఉంటాయి కాబట్టి, పేరూరులో కనిపించింది భద్రాచలం రాక తప్పదు. దాని తర్వాత చెప్పుకోదగ్గ చేర్పు చర్ల వైపు నుంచి వచ్చే తాలిపేరు. తాలిపేరు ప్రాజెక్టు గేట్ల సంగతి వేరుగా కనుక్కోవాలి.

పేరూరు నుంచి భద్రాచలానికి నీరు ఎన్ని గంటల్లో వస్తుందో ఎవరో చెప్పిన అంకె పట్టుకోవద్దు. మీరే కట్టుకోండి. రెండు కేంద్రాల గంట గంట మట్టాలు కాగితం మీద గీతలుగా గీయండి. పేరూరులో గీత మెడ విరిగిన చోటు, అంటే ఎక్కడం నెమ్మదించిన చోటు, భద్రాచలం గీతలో ఎన్ని గంటల తర్వాత కనిపించిందో కొలవండి. నది ఒడ్డులోపల ఉన్నప్పుడు ఒక సమయం వస్తుంది, ఒడ్డు దాటి పొలాల్లోకి పరుచుకున్నప్పుడు ఇంకొకటి వస్తుంది. నీరు పొలాల్లో నిలిచి రావడంతో అల నెమ్మదిస్తుంది, శిఖరం కూడా కొంచెం అణుగుతుంది. ఒక్క సీజన్లో రెండు మూడు వరదలకి ఇలా కట్టి పెట్టుకుంటే, మీ దగ్గర ఏ యాప్‌లోనూ లేని పట్టిక తయారవుతుంది. భద్రాచలం శిఖరం ధవళేశ్వరానికి చేరడానికి దాదాపు ఒక రోజు, అటూ ఇటూగా, పడుతుంది. మధ్యలో శబరి కలుస్తుంది, పాపికొండల ఇరుకు ఉంది, పోలవరం స్పిల్‌వే 48 గేట్లు ఉన్నాయి.

సూచనల్ని ఎంతవరకు నమ్మొచ్చు

24 గంటల సూచన వెనక ఏముందో తెలిస్తే నమ్మకం దానంతట అదే కుదురుతుంది. రేపు ఈపాటికి భద్రాచలం చేరే నీరు చాలావరకు ఇప్పటికే ఎగువన నదిలోకి దిగిపోయి ఉంది. జల సంఘం దాన్ని గేజీల మీద చూస్తోంది. ఎగువ గేజీకీ దిగువ గేజీకీ ఏళ్ల తరబడి కట్టిన సంబంధాలున్నాయి. 1958లో ఢిల్లీ దగ్గర యమున మీద వరద సూచన మొదలుపెట్టినప్పటి నుంచి సాగుతున్న పని ఇది. వాన నుంచి ప్రవాహం కట్టే గణిత నమూనాలు తర్వాత వచ్చి చేరాయి.

జల సంఘం తన సూచన సరిపోయిందని ఎప్పుడు లెక్కేసుకుంటుందో తెలుసా? మట్టం సూచన, తర్వాత వచ్చిన మట్టం 15 సెంటీమీటర్ల తేడాలో ఉంటే. జలాశయాల్లోకి వచ్చే ప్రవాహమైతే 20 శాతం తేడాలో. అంటే యాప్ 47.20 మీటర్లని చెప్పి, నది 47.30కి వెళ్తే వాళ్ల లెక్కలో అది సరైన సూచనే. కానీ మీ లెక్కలో రెండో ప్రమాద హెచ్చరిక దాటేసింది. అందుకని ప్రతి సూచనకీ పైన అరడుగు కలుపుకుని సర్దుకోండి. కింద అరడుగు సంగతి పట్టించుకోనక్కర్లేదు, తగ్గితే సంతోషమే.

7 రోజుల సూచన వేరే జాతి. మూడు నాలుగు రోజులు దాటాక అది మాట్లాడేది ఇంకా పడని వాన గురించి. వాయుగుండం కొంచెం ఉత్తరానికి జరిగితే గడ్చిరోలిలో పడాల్సింది మహానది వైపు పడుతుంది, మొత్తం లెక్క తారుమారు. దాన్ని రోజూ ఒకే సమయంలో చూడండి. సోమవారం చెప్పిన శుక్రవారం మట్టం, మంగళవారం చెప్పిన శుక్రవారం మట్టం, బుధవారం చెప్పినది రాసుకోండి. మూడు రోజులూ అది పైకే జరుగుతుంటే జాగ్రత్తపడాలి. ఒకసారి పైకి, ఒకసారి కిందకి ఊగుతుంటే ఇంకా ఏమీ తేలలేదని అర్థం. ఇది కూడా మార్పు వేగమే, నదిది కాదు, సూచనది.

గూగుల్ ఫ్లడ్ హబ్‌తో పోల్చమని అడిగేవాళ్లుంటారు. అది కూడా ఏడు రోజుల దాకా చెబుతుంది, కొన్నిచోట్ల నీరు ఎంత మేర పరుచుకుంటుందో పటం మీద చూపిస్తుంది. గేజీలు లేని చోట కూడా అంచనా ఇవ్వడం దాని బలం. కానీ భద్రాచలం లాంటి, గంట గంటకీ మనిషి వెళ్లి చదివే గేజీ ఉన్న చోట, ముందు జల సంఘం అంకెనే చూడాలి. రెండూ ఒకే మాట చెబితే ధైర్యంగా ఉండొచ్చు. వేరే మాట చెబితే ఎక్కువ చెప్పినదాన్ని పట్టుకుని సర్దుకోవాలి.

యాప్ చేయలేని పనులు

గేజీ మట్టం మీ ఇంటి మట్టం కాదు. భద్రాచలం టౌన్‌కి కరకట్ట ఉంది. నది ఎక్కినప్పుడు స్లూయిస్‌లు, అంటే కట్టలోని తూములు, మూసేస్తారు. అప్పుడు ఊళ్లో పడిన వాన, మురుగునీరు బయటికి పోయే దారి లేక లోపలే నిలుస్తాయి, మోటార్లు పెట్టి తోడిపోయాలి. గోదావరి కట్ట దాటకుండానే వీధుల్లో మోకాలి లోతు నీరు రావచ్చు. యాప్‌లో దానికి గుర్తు లేదు. బూర్గంపాడు వైపు కిన్నెరసాని ఎగదన్నడానికీ లేదు. మీ వీధి చివర, మీ ఊరి కల్వర్టు దగ్గర పోయినసారి నీరొచ్చినప్పుడు భద్రాచలం గేజీ ఎంతుందో కనుక్కుని గోడ మీద రంగుతో రాసిపెట్టండి. "ఇక్కడికి నీరు: 51 అడుగులు" అన్నట్టు. ఆ గీత, ఆ అంకె, యాప్‌లో మట్టం, గంటకి వేగం, ఈ నాలుగూ కలిస్తేనే పనికొచ్చే సూచన అవుతుంది.

చిన్న నదులకి ఈ పద్ధతంతా పనికిరాదు. 2024 సెప్టెంబర్ 1న విజయవాడని ముంచింది బుడమేరు. అదే రోజుల్లో కృష్ణ ప్రకాశం బ్యారేజీ దగ్గర రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కులకి చేరింది, అందరి కళ్లూ దాని మీదే. ఖమ్మంలో మున్నేరు సంగతీ అలాంటిదే. అలాంటి వాగుల పరీవాహకం చిన్నది, వాన పడిన కొద్ది గంటల్లోనే నీరు మీద పడుతుంది. మూడేసి గంటల తేడా తీసుకునేలోపు ఇల్లు మునిగిపోతుంది. అక్కడ వానని కొలవాలి, గంటకి ఎన్ని మిల్లీమీటర్లని. దానికి ఫ్లడ్‌వాచ్ తెరవొద్దు, వాతావరణ శాఖ రాడార్ చిత్రాలు, విపత్తుల నిర్వహణ సంస్థ నుంచి వచ్చే ఎస్సెమ్మెస్‌లు చూడండి. ఆపద వేళ 1070, 112 నంబర్లు ఉన్నాయి.

వరద దిగేటప్పుడు

యాప్‌ని అందరూ మూసేసేది శిఖరం దాటగానే. అప్పుడే ఇంకో రెండు రోజులు చూడాలి. దిగే వేగం ఎక్కే వేగం కంటే దాదాపు ఎప్పుడూ తక్కువే, ఎందుకంటే పొలాల్లో, వాగుల్లో నిలిచిన నీరంతా తీరిగ్గా తిరిగి నదిలోకి వస్తుంది. ఎక్కడానికి ఒక రోజు పట్టిందని దిగడానికీ ఒక రోజే అనుకుని సామాన్లు దింపుకోవద్దు. కోనసీమలో ఇంకా నెమ్మది. ధవళేశ్వరంలో తగ్గుముఖం పట్టినా సముద్రం పోటు మీదుంటే పాయల్లో నీరు లాగదు. కనకాయలంక లాంటి కాజ్‌వేలు తేలడానికి ఇంకా టైం పడుతుంది. అక్కడివాళ్లు వరద సూచనతో పాటు పోటుపాట్ల వేళలూ పక్కన రాసుకోవాలి.

మట్టం వేగంగా పడిపోతే ఇంకో ముప్పు. నానిన ఒడ్డు మట్టికి ఇన్నాళ్లూ ఆనుకుని ఉన్న నీరు ఒక్కసారి తప్పుకుంటే గట్టు బరువుకి ఒడ్డు విరిగి జారిపోతుంది. లంకల్లో కొబ్బరి చెట్లు ఒడ్డుతో సహా కూలేది ఎక్కువగా అప్పుడే. మూడో హెచ్చరిక ఎత్తేశారని తెలిసినా ఒడ్డు అంచుకి పశువుల్ని తోలొద్దు. పేరూరు గీత ఒకసారి తెరిచి, అక్కడ మళ్లీ ఎక్కడం మొదలుకాలేదని మూడేసి గంటల తేడాలు రెండుసార్లు చూసుకున్నాకే సామాన్లు కిందకి దించండి.